మా ఇంట్లో ఏడాది గడిపిన కుటుంబ ప్రార్థన కిట్: ఒక సమీక్ష

నిరుడు, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఉండే ఆగమన కాలం మొదలు కావడానికి నాలుగు రోజుల ముందు హైదరాబాదులోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో ఈ కిట్ కొన్నాను. ధర 1,650 రూపాయలు. పిల్లలకు విశ్వాస పాఠాలను ఇంట్లోనే, కుటుంబమంతా కలిసి చేసే పనుల ద్వారా నేర్పించడానికి 52 వారాలకు సరిపడే సామగ్రి ఇందులో ఉందని పెట్టెమీద రాసి ఉంది. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు, అబ్బాయికి ఆరేళ్లు. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ ఉంటాం. 52 వారాల్లో 41 వారాలు ఈ కిట్‌తో కూర్చున్నాం. పరీక్షలు, జ్వరాలు, ప్రయాణాలు తక్కిన వారాలను తీసుకుపోయాయి. ఏడాది పూర్తయింది కాబట్టి, కొనాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ప్రచురణకర్త పేరు రాయడం లేదు. మా బంధువుల ఇళ్లలో చూసిన మరి రెండు కిట్లలోనూ ఇవే గుణాలు, ఇవే లోపాలు కనిపించాయి కనుక, పేరుకంటే వివరమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఏ కొలతతో దీన్ని తూచానో మొదట చెప్పాలి. బైబిల్లోని నిర్గమకాండం 12వ అధ్యాయంలో, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలచుకొనే పస్కా పండుగ విధిని ఏర్పరుస్తున్నప్పుడు, మీ పిల్లలు ఈ ఆచారం ఏమిటని మిమ్మల్ని అడిగినప్పుడు ఇలా చెప్పండి అన్న మాట వస్తుంది. అక్కడ పాఠం తండ్రి ఉపన్యాసంతో మొదలు కాదు, బిడ్డ ప్రశ్నతో మొదలవుతుంది. గొర్రెపిల్ల, చేదుకూర, పులియని రొట్టె అన్నీ ఆ ప్రశ్న పుట్టడానికే బల్లమీదికి వస్తాయి. ఇప్పటికీ యూదుల ఇళ్లలో పస్కా రాత్రి అందరికంటే చిన్నవాడు లేచి, ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరుగా ఉందని అడిగిన తరువాతనే కథ నడుస్తుంది. 1528లో జర్మనీలోని సాక్సనీ గ్రామాల్లో సంఘాలను చూడబోయిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, అక్కడి జనానికి పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కూడా సరిగా రాకపోవడం చూసి ఎంతో బాధపడి, మరుసటి ఏడు విశ్వాస పాఠాలను ప్రశ్న జవాబుల్లో నేర్పే చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. అందులో ప్రతి భాగం పైనా ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని ఎలా నేర్పాలో అన్న శీర్షిక ఉంటుంది. ప్రతి ఆజ్ఞ కింద అదే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది: దీని అర్థమేమి? 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘంలో మా ముత్తాతల కాలం నుంచీ ఉన్నవాళ్లం కాబట్టి, ఈ ప్రశ్న మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థనలాగే అలవాటైంది. అందువల్ల ఈ కిట్‌లో ప్రతి కార్డునూ నేను చూసింది ఒక్కటే: ఇది మా పిల్లల చేత ప్రశ్న అడిగించిందా?

పెట్టెలో ఏమున్నాయో త్వరగా చెబుతాను. దళసరి అట్టమీద ముద్రించిన 52 కార్డులు, వాటిలో 4 మన ఇంటి పాఠం మనమే రాసుకోవడానికి ఖాళీగా వదిలినవి, తల్లిదండ్రుల కోసం ఒక చిన్న పుస్తకం, కంఠత వాక్యాల కట్ట, నాలుగు కొవ్వొత్తులు నిలిపే ఇనుప స్టాండు, యెష్షయి (దావీదు రాజు తండ్రి) చెట్టుకు వేలాడదీసే 25 అట్టబొమ్మలు, ఆవగింజల పొట్లం, వైకుంఠపాళి తరహాలో గీసిన ఒక ఆటపటం, స్టిక్కర్లు, వాటిని అంటించే గోడ చార్టు, ఈస్టరుకు ముందు ఉపవాస కాలమైన శ్రమల దినాల కోసం నలభై గళ్ల కాగితం, పన్నెండు ప్లాస్టిక్ గుడ్లు. కార్డుల నాణ్యత మెచ్చుకోదగినది. టీ ఒలికినా, పిండి చేతులతో పట్టుకున్నా ఏడాది తరువాత కూడా అక్షరాలు చెరగలేదు. స్టాండుకు మాత్రం రెండో వారానికే తుప్పు పట్టింది.

ఆగమన కాలపు స్టాండుతోనే మొదలుపెట్టాం. 1839లో హాంబర్గు నగరంలో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిఖ్ విషెర్న్, క్రిస్మస్ ఇంకెన్నాళ్లకని రోజూ అడిగే పిల్లల కోసం ఒక పాత బండిచక్రం మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలిపి, రోజుకొక చిన్నది, ఆదివారానికొక పెద్దది వెలిగించిన కథ చిన్న పుస్తకంలో ఉంది. చక్కగా చెప్పిన కథ. అది విన్న వెంటనే మా అబ్బాయి స్టాండు వైపు చూసి, “మరి ఆ చిన్న కొవ్వొత్తులు ఏవి నాన్నా?” అన్నాడు. వాడు అడిగింది న్యాయం. హాంబర్గు పిల్లలు కూడా రోజులు లెక్కపెట్టడానికే ఆ చక్రాన్ని చూశారు. ఆదివారాలకు మాత్రమే కొవ్వొత్తులు ఉంటే ఆరేళ్లవాడికి మధ్య రోజులన్నీ చీకటే. ఆ సాయంత్రం పుట్టినరోజు కొవ్వొత్తుల పెట్టెలు రెండు కొని, ఒక పళ్లెంలో ఇసుక పోసి చుట్టూ గుచ్చాం. రోజుకొకటి వెలిగించి, ఒక వాక్యం చదివి, దీపం ఆర్పేముందు ఒక్కొక్కరం ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన చేసేవాళ్లం. ఐదు నిమిషాలకు మించలేదు. కిట్ ఇచ్చింది నాలుగు కొవ్వొత్తులే అయినా, ఆ కథ లేకపోతే మాకు ఇసుక పళ్లెం తట్టేది కాదు.

కిట్ మొత్తంలో యెష్షయి చెట్టు అత్యంత విలువైనది. “యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టును” అన్న యెషయా ప్రవచనాన్ని ఆధారం చేసుకొని, 12వ శతాబ్దం నుంచే ఐరోపాలోని ఆలయాల రంగు అద్దాల మీద యేసు వంశవృక్షాన్ని చిత్రించారు. ఆ సంప్రదాయాన్నే ఇంటికి తెచ్చి, డిసెంబరు 1 నుంచి 25 వరకు రోజుకొక బొమ్మను ఒక ఎండు కొమ్మకు వేలాడదీసి, ఆ బొమ్మ కథ చదువుకోవడం ఈ పని. లోకసృష్టికి సూర్యచంద్రులు, నోవహుకు ఓడ, అబ్రాహాముకు నక్షత్రాలు, యోసేపుకు రంగుల అంగీ, రూతుకు పరిగె ఏరిన కంకులు, దావీదుకు వడిసెల, ఇలా చివరికి పశువుల తొట్టి. మేం అపార్ట్‌మెంటు వెనుక రాలిన జామకొమ్మ ఒకటి తెచ్చి ఇసుక నింపిన బిందెలో నిలబెట్టాం. సండే స్కూల్లో విడివిడిగా విన్న కథలన్నీ ఒకే కొమ్మ మీద వరసగా వేలాడడం చూశాక, పాత నిబంధన అంతా ఒకే కుటుంబం కథ అని మా అమ్మాయికి మొదటిసారి అర్థమైంది. నేను ఎన్ని మాటల్లో చెప్పినా ఆ సంగతి అంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఈ పని మా అమ్మాయి చేత అడిగించిన ప్రశ్న మాత్రం కార్డులో లేనిది. పంతొమ్మిదో రోజున మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళి చదవమని ఉంది. ఆ పేర్ల వరసను పిల్లలు విసుగుతో చదువుతారనుకున్నాను. తను మధ్యలో ఆగి, “నాన్నా, రాహాబు పేరుంది, రూతు పేరుంది, తామారు పేరుంది. ఇక్కడ మాత్రం ఊరియా భార్య అని రాశారెందుకు? ఆవిడకు పేరు లేదా?” అంది. పేరుంది, బత్షెబ. ఆ పేరు రాయకుండా ఊరియా భార్య అని రాయడంలోనే ఊరియాను చంపించి ఆమెను పెళ్లాడిన దావీదు తప్పును మత్తయి మరచిపోనివ్వలేదని, యేసు పుట్టిన వంశంలో తప్పులు చేసినవారూ, అన్యాయానికి గురైనవారూ, పరదేశులూ ఉన్నారని, ఆ వంశాన్ని ప్రభువు తనదిగా ఒప్పుకున్నాడని పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ రాత్రి నిద్రపోయే ముందు మళ్లీ అడిగింది. కిట్ తయారుచేసినవారు 25 బొమ్మల్లో రూతుకు చోటిచ్చి, రాహాబును, తామారును, బత్షెబను వదిలేశారు. చిన్నపిల్లలకు ఆ కథలు కష్టమని అనుకొని ఉంటారు. మత్తయి వాళ్లను వదిలేయలేదు కదా. మా పిల్లలు ఒక అట్టముక్కకు ఎర్ర దారం చుట్టి, యెరికోలో రాహాబు ఎర్ర దారం కట్టిన కిటికీని తయారుచేసి ఇరవై ఆరో బొమ్మగా కట్టారు. మలి ముద్రణలో ఈ బొమ్మ చేరాలని కోరుకుంటున్నాను.

ఇక గోడ చార్టు. ఒక కంఠత వాక్యం అప్పజెబితే ఒక స్టిక్కరు, పది స్టిక్కర్లకు ఒక బహుమతి. ఫిబ్రవరి నాటికి మా అమ్మాయి వరసలో 31 స్టిక్కర్లు, అబ్బాయి వరసలో 9 ఉన్నాయి. తెలుగు చదవడం ఇంకా రానివాడికి అక్కతో పోటీ ఏమిటి? ఆదివారం సాయంత్రం కిట్ తీస్తున్నామంటే వాడు కడుపునొప్పి అనేవాడు. అదే నెలలో వచ్చిన కార్డు ద్రాక్షతోట పనివారి ఉపమానం గురించినది: తెల్లవారి వచ్చినవాడికీ, సాయంత్రం వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చాడు. కార్డులో చెప్పినట్టే ఎక్కువ పని చేసినవారికీ తక్కువ పని చేసినవారికీ ఒకే లెక్కన బెల్లం ముక్కలు పంచాం. అమ్మాయి తన ముక్క చేతిలో పట్టుకొని గోడ వైపు చూసి, “మరి స్టిక్కర్లు ఎందుకు లెక్కపెడుతున్నాం?” అంది. ఆ ప్రశ్నకు ఆ పెట్టెలో జవాబు లేదు, నా దగ్గరా లేదు. చార్టును ఆ రాత్రే తీసేశాం. ఈ కిట్ కొనేవారికి నా మొదటి సలహా ఇదే: చార్టును పెట్టెలోంచి తీయకండి. వాక్యాన్ని బహుమతికి వెలగా మార్చిన తరువాత పిల్లవాడు అడిగేది దీని అర్థమేమిటని కాదు, ఇంకా ఎన్ని కావాలని.

ఆటపటం మీద నా అభ్యంతరం ఇంకా లోతైనది. నూరు గళ్లు, నిచ్చెనల పక్కన విధేయత, దానం, ప్రార్థన అన్న మాటలు, పాముల తలల దగ్గర అబద్ధం, అసూయ, సోమరితనం. నూరో గడి పరలోకం. మన తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఆడుకున్న వైకుంఠపాళిలో పుణ్యపాపాల ఫలం ఇలాగే చూపిస్తారు, ఆ ఆలోచనకు ఆ ఆట అతికినట్టు సరిపోతుంది కూడా. సువార్త బోధకు అది సరిపోదు. మంచి పనుల నిచ్చెన ఎక్కి పరలోకం చేరుతామని మన సంఘాలు ఏవీ చెప్పవు. విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ అని ఎఫెసీ పత్రిక చెబుతుంది. పెద్దవాళ్లం ఆట కదా అని ఊరుకున్నాం. అబ్బాయి ఊరుకోలేదు. తొంభై దాటాక పెద్దపాము నోట్లో పడి ఆరో గడికి జారినప్పుడు వాడు ఏడుపు గొంతుతో, “పాము కరిచినవాణ్ణి యేసయ్య ఎత్తుకోడా?” అని అడిగాడు.

ఎత్తుకుంటాడు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లి, దొరికిన గొర్రెను భుజాల మీద వేసుకొని వచ్చిన కాపరి కథ లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. ఆ కథ చదివి, పిల్లలే ఆటకు కొత్త నియమం పెట్టారు. ఎవరైనా పాము నోట్లో పడితే, వేరొకరు తమ వంతు వదులుకొని కిందికి దిగి వెళ్లి, వారిని తిరిగి పాత గడికి తీసుకురావచ్చు. ఈ నియమంతో ఆట ఎంతసేపైనా ముగియదు. ఒక ఆదివారం మా అమ్మ ముగ్గురిని ఎత్తుకొచ్చి తాను మాత్రం పదిహేడో గడిలోనే ఉండిపోయింది. ప్రచురణకర్తలకు ఈ మార్పు రాసి పంపాను. జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా, ఈ పటం కొన్నవారు నియమం మార్చుకొనే ఆడాలని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చిన్న వయసులో చేతితో ఆడి నేర్చుకున్న తప్పును తరువాత ప్రసంగంతో దిద్దడం చాలా కష్టం.

కార్డుల్లో చాలావరకు వేరే దేశపు మూలం నుంచి అనువదించినవని వంటింటి పాఠాల దగ్గర తెలిసిపోతుంది. ఓవెన్ వేడిచేయండి అంటుంది ఒకటి. మార్ష్‌మెల్లోలు కరిగించండి అంటుంది ఇంకొకటి. డిసెంబరు కార్డొకటి మంచుతో బొమ్మ చేయమంటుంది. ఇవి మనకు కుదరకపోవడం పెద్ద నష్టం కాదు. బైబిలు కథలు పుట్టిన పల్లె జీవితం మన పల్లె జీవితానికి ఎంత దగ్గరో గమనించకపోవడమే నష్టం. పుల్లని పిండి ఉపమానానికి కార్డులో ఈస్టు, మైదా, రొట్టె అచ్చు కావాలని రాశారు. దోసెల పిండి రోజూ పులిసే ఇంట్లో ఈస్టు ఎందుకు? మే నెలలో ఒక రాత్రి రుబ్బిన పిండిని రెండు గిన్నెల్లో తీసి, ఒకదానిలో నిన్నటి పుల్లపిండి ఒక చెంచా కలిపి వంటగది గట్టు మీద ఉంచాం, రెండోదాన్ని ఏమీ కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టాం. తెల్లవారేసరికి మొదటి గిన్నె మూతను పిండి పైకి ఎత్తింది. పిల్లలిద్దరూ పళ్లయినా తోముకోకుండా దాని చుట్టూ నిలబడ్డారు.

మత్తయి 13వ అధ్యాయంలో ఆ స్త్రీ పుల్లపిండిని మూడు కుంచాల పిండిలో దాచిపెట్టిందని ఉంటుంది. కుంచం అంటే ఎంత అని అమ్మాయి అడిగింది. నాకు తెలియలేదు. మా అమ్మ చెప్పింది: రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే మూడు కుంచాలు పన్నెండు మానికలు. ఒక ఇంటికి కాదు, ఊరంతటికీ సరిపడే పిండి. ఒక చెంచా పుల్లపిండి అంత పనిచేస్తుందా అని పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆ తరువాత అమ్మాయి, “కలిపింది అనకుండా దాచిపెట్టింది అన్నారెందుకు?” అని అడిగింది. దేవుని రాజ్యం కనిపించకుండా పనిచేస్తుందన్న ఆ ఉపమానం గుండెకాయను తను ఒక క్రియాపదంలో పట్టుకుంది. కార్డులో తల్లిదండ్రుల కోసం అచ్చువేసిన వివరణలో ఆ మాట లేదు. ఈ కిట్‌లో నన్ను పదే పదే ఇబ్బంది పెట్టింది కూడా అదే: దాదాపు ప్రతి కార్డులో పిల్లలకు ఇలా చెప్పండి అని ఒక పేరా ఉంటుంది, పిల్లలు ఏమి అడగవచ్చో ఒక్క వాక్యం కూడా ఉండదు. పని పూర్తికాగానే ఆ పేరా చదివేస్తే ప్రశ్న పుట్టక ముందే జవాబు వచ్చేస్తుంది. మూడో నెల నుంచి మేం ఆ పేరాను ముందుగా మా కోసం చదువుకొని, కార్డును బోర్లించి పెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఆవగింజల పొట్లం సంగతి కూడా ఇలాంటిదే. కుండీలో చల్లిన నాలుగో రోజుకు మొలకలు వచ్చాయి. నెలన్నరలో అబ్బాయి నడుమెత్తు పెరిగి పసుపు పూలు పూశాయి. అంతవరకు ఆనందమే. ఆకాశపక్షులు వచ్చి దాని కొమ్మల్లో వాలతాయని ఆవగింజ ఉపమానంలో విన్నవాడు రోజూ బాల్కనీలో నిలబడి పిట్టల కోసం చూసేవాడు. మన ఆవ మొక్క మీద పిట్ట వాలితే కొమ్మ వంగిపోతుంది. గలిలయ ప్రాంతంలో పెరిగే నల్ల ఆవ మనిషి ఎత్తు దాటి పెరగగలదని కార్డులో ఒక్క మాట రాసి ఉంటే వాడికి నిరాశ తప్పేది. చివరికి ఒక ఉదయం రెండు పిచ్చుకలు వచ్చి కుండీ అంచు మీద వాలాయి. వాడికి అది చాలింది.

కంఠత వాక్యాలు మన సంఘాల్లో చదివే పాత అనువాదంలోనే ఇచ్చారు. దీని మీద తల్లిదండ్రులకు రెండు అభిప్రాయాలు ఉంటాయి. వాడుక భాషలో ఉన్న అనువాదమే పిల్లలకు మంచిదని నా భార్య అభిప్రాయం. నేను పాతదాని వైపే ఉన్నాను. గుడిలో (చర్చిలో) పాస్టరు అయ్యగారు చదివే మాట, నాయనమ్మ నోట వినే మాట, పిల్లవాడు కంఠతా పట్టే మాట ఒకటే అయినప్పుడు అది ఇంటిని, సంఘాన్ని కలిపి కుడుతుంది. అయితే ప్రతి వాక్యం వెనుక కఠినపదాల అర్థం ఇవ్వడం తప్పనిసరి, ఈ కట్టలో అది లేదు. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అన్న వాక్యాన్ని అబ్బాయి వారం రోజులు చిలకలా పలికి, ఎనిమిదో రోజున లేమి అంటే ఏమిటని అడిగాడు. లేకపోవడం అని నేను చెప్పి ఊరుకునేవాణ్ణి. మా అమ్మ వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, తన చిన్నప్పుడు రాత్రిపూట గంజి మాత్రమే ఉన్న రోజుల గురించి, అప్పుడు కూడా వాళ్లమ్మ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి గుడికి ఇవ్వడానికి ఒక కుండలో వేసిన సంగతి గురించి చెప్పింది. లేమి అన్న మాటకు నిఘంటువు ఇవ్వలేని అర్థం అది.

శ్రమల దినాల కాగితంలో ఒక లెక్క తప్పింది, కొనేవారు దీన్ని ముందే తెలుసుకోవాలి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు 46 రోజులు. వాటిలో 6 ఆదివారాలు పునరుత్థాన దినాలు కనుక ఉపవాసంలో లెక్కకు రావు, మిగిలినవి 40. కాగితంలో నలభై గళ్లున్నాయి, ఆదివారాలు వదలాలన్న సూచన లేదు. రోజుకొక గడిలో రంగు వేసి, డబ్బాలో ఒక నాణెం వేసిన మా పిల్లలకు, ఈస్టరుకు ముందు ఆదివారమైన మట్టల ఆదివారం నాటికే గళ్లన్నీ నిండిపోయాయి. ఇంకా గుడ్ ఫ్రైడే రానేలేదు కదా, అప్పుడే ఎలా అయిపోయాయని ఇద్దరూ కంగారుపడ్డారు. ఆదివారాల సంగతి అప్పుడు చెప్పాం; ఉపవాస కాలంలో కూడా ఆదివారం పండుగే అన్న మాట వాళ్లకు ఎంతగానో నచ్చింది. ముద్రణలో జరిగిన తప్పు వల్ల మంచి పాఠమే దొరికినా, అది తప్పే.

ప్లాస్టిక్ గుడ్లలో గాడిద, వెండి నాణేలు, ముళ్ల కిరీటం వంటి చిన్న బొమ్మలుంటాయి, చివరి గుడ్డు ఖాళీ సమాధికి గుర్తుగా ఖాళీగా ఉంటుంది. అబ్బాయికి సరదాగా గడిచింది, అంతకుమించి చెప్పుకోదగినది లేదు. ఈస్టరు తెల్లవారుజామున గుంటూరులో సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన తాతగారి సమాధి దగ్గర కొవ్వొత్తి పట్టుకొని చీకట్లో నిలబడి, పాట మొదలయ్యే వేళకు తూర్పు తెల్లబడడం చూసిన పిల్లలకు ఖాళీ గుడ్డు ఏం చెబుతుంది? మా అబ్బాయి అక్కడ, తాతయ్య కూడా లేస్తాడా అని అడిగాడు. కోస్తా జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఏటేటా చేసే ఈ ప్రయాణానికి ఒక కార్డు రాయడం ప్రచురణకర్తలకు ఎందుకు తోచలేదో తెలియదు.

ఒక్క కార్డును మాత్రం మార్చకుండా, ఏమీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు అందరికీ సిఫారసు చేస్తాను. అది క్షమాపణ కార్డు. ఇంట్లో ప్రతి ఒక్కరూ, పెద్దలతో మొదలుపెట్టి, ఆ వారం ఇంట్లోవాళ్ల పట్ల చేసిన ఒక తప్పును కాగితం మీద రాసి, వారికి చదివి వినిపించి, క్షమించమని అడగాలి. అవతలివారు క్షమించానని నోటితో చెప్పి ఆ కాగితాన్ని చింపాలి. పెద్దలతో మొదలుపెట్టి అన్న మాటను కార్డులో ఎర్ర అక్షరాలతో అచ్చువేశారు. ఆ వారం లెక్కల మార్కుల గురించి అమ్మాయిని అందరి ముందూ గట్టిగా కేకలేశాను. రాశాను, చదివాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా చింపి, “నాన్నలు కూడా దేవుణ్ణి క్షమాపణ అడుగుతారా?” అంది. ఈ కిట్ కోసం పెట్టిన ఖర్చు నాకు ఆ సాయంత్రమే తీరిపోయింది. ఈ కార్డు ఆలోచించిన వారెవరో నాకు తెలియదు కాని వారికి మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞులం.

తెలుగు నేలకు దూరంగా ఉండేవారి గురించి ఒక మాట. అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు ఇదే కిట్ తెప్పించుకుంది. తెలుగు విని అర్థం చేసుకోగలిగినా చదవలేని పిల్లలకు ఈ కార్డులు పనికిరావు. ఇంగ్లీషు అక్షరాల్లో వాక్యాలు ఇచ్చి ఉంటే బాగుండేదని తను అంది. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే మా అబ్బాయి పరిస్థితి కూడా అంతకంటే భిన్నం కాదు. మేమైతే దీన్ని తెలుగు నేర్పే అవకాశంగా వాడుకున్నాం, ఏడాది చివరికి వాడు కార్డుల శీర్షికలు కూడబలుక్కొని చదువుతున్నాడు.

ఐదు నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి ఈ కిట్ కొనవచ్చు. పన్నెండు దాటినవారికి చాలావరకు చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తుంది. ఒక్కో కార్డుకు 20 నిమిషాలని రాశారు కాని, ప్రశ్నలకు ఆగితే 40 నిమిషాలు పడుతుంది, ఆ సమయం లేని రోజున మొదలుపెట్టకపోవడమే మేలు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇళ్లలో చార్టు, స్టిక్కర్లు వద్దు. ఆటపటం నియమం మార్చుకోండి, శ్రమల దినాల కాగితంలో ఆదివారాలను ముందే గుర్తుపెట్టుకోండి, వంట పాఠాలకు మీ వంటింట్లో ఏముందో మొదట చూడండి. ఐదు చుక్కల్లో మూడున్నర ఇస్తాను. యెష్షయి చెట్టు, క్షమాపణ కార్డు విడిగా అమ్మితే ఐదుకు ఐదు.

ఖాళీగా వదిలిన నాలుగు కార్డుల్లో మూడింటిని నింపాం. మొదటిది పిడికెడు బియ్యం, మా అమ్మ చెబుతుంటే అమ్మాయి రాసింది. రెండోది సమాధుల తోట. మూడోది పాము కరిచినవారిని ఎత్తుకొచ్చే ఆట, దాన్ని అబ్బాయి బొమ్మలతో వేశాడు. నాలుగోది ఇంకా ఖాళీగానే ఉంది. స్టాండు తుప్పు గీకి రంగు వేయించాను, పుట్టినరోజు కొవ్వొత్తుల పెట్టెలు రెండు మళ్లీ కొన్నాను. వచ్చే ఆదివారం ఆగమన కాలపు మొదటి ఆదివారం.